రెండో ఎత్తుకే మంత్రి

“మళ్లీ మంత్రినే తీశావా?” అప్పాజీ నెత్తి కొట్టుకున్నాడు. “గుర్రం కదల్లేదు, ఏనుగు నిద్ర లేవలేదు. రెండో ఎత్తుకే ఊరేగింపేంటి మాణిక్యం?”

“ఇంట్లో కూర్చోబెడితే ఎవరికి లాభమండీ?” అంది అతని భార్య మాణిక్యాంబ.

అతను గుర్రాన్ని దూకించాడు. మంత్రి పక్కకి జరిగింది. బంటును తోశాడు. మళ్లీ జరిగింది. ఆమె మంత్రి పరిగెత్తిన కొద్దీ అతని బలగమంతా ఒక్కొక్కటే బయటికొచ్చి కూర్చుంది. చివరికి మంత్రి మూలన చిక్కింది.

“చూశావా? తొందరపడి బయటికొస్తే బంటుగాడు కూడా తరుముతాడు. తణుకు కాలేజీలో చదరంగం నేర్పినప్పుడు మాకు మొదట చెప్పిన పాఠం ఇదే,” అంటూ పేరంటంలో ఆమెకిచ్చిన శనగలు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. శ్రావణమాసం కదా, ఊళ్లో రోజూ ఎవరో ఒకరింట్లో పేరంటమే. మాణిక్యాంబ ఒక్కటీ మానడం లేదు.

ఆ ఏడు సర్పంచి పదవి ఆడవాళ్లకి రిజర్వయింది. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో ఉన్న అప్పాజీ, తన తల్లి పాపాయమ్మను నిలబెడదామనుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఆఖరి రోజు దాకా గడప దాటకూడదు. ముందే తెలిస్తే అవతలి వర్గం రాజరత్నం ఊరుకోడు.

“నా మోకాళ్లు లేవవురా అబ్బాయ్. ఆ ఆఫీసు మెట్లెలా ఎక్కను?” అంది పాపాయమ్మ.

“గెలిచాక నువ్వెక్కడం ఎందుకే? వేలిముద్ర నీది, పెత్తనం నాది.”

“మరి కుళాయి రాకపోతే ఆడవాళ్లు ఎవర్నడగాలండీ?” అంది మాణిక్యాంబ, పావులు మళ్లీ పేరుస్తూ.

“నన్నే.”

“ఇన్నాళ్లూ అడుగుతూనే ఉన్నారుగా!”

ఎదురుగా ఉన్న బంటును ఒక ఎత్తు జరిపి, రెండో ఎత్తుకే మంత్రిని తీసింది.

“నీకు బుద్ధి రాదా?”

“తరమండి. ఎక్కడిదాకా తరుముతారో నేనూ చూస్తాను.”

నామినేషన్లకి ఆఖరి రోజు. గడువు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా అప్పాజీ తల్లిని రిక్షాలో పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్లాడు. మాణిక్యాంబ పొద్దున్నే కాళ్లకి పసుపు రాసుకుని ఎక్కడికో పేరంటానికి వెళ్లిపోయింది. రాజరత్నం మనుషులు ఒక్కరూ కనపడలేదు. అప్పాజీ మీసం దువ్వుకుని, తల్లి చేత కాగితం ఇప్పించాడు.

“ఇక ఏకగ్రీవమేనాండీ?”

“అబ్బే, ఇందాకే ఒకావిడ వేశారండి,” అన్నాడు ఆఫీసరు.

అప్పాజీ ఉలిక్కిపడ్డాడు. “ఎవరావిడ? ఓట్లడగడానికి ఊళ్లో ఒక్క గుమ్మం తొక్కినట్టు కూడా నాకు తెలీదే!”

“అన్ని గుమ్మాలూ తొక్కానండి,” అంటూ వెనక బెంచీ మీంచి మాణిక్యాంబ లేచింది.