అక్క నీడ

వడ్రంగి మొదటి భార్య ఒళ్లు తగ్గడానికి టీవీలో గేమ్ పెట్టుకుని రోజూ గెంతేది. ఆమె పోయి ఏడాదయింది. ఆమె ఆట మాత్రం గేమ్‌లో రికార్డయి, తెర మీద గెంతే బూడిదరంగు నీడగా మిగిలింది. ఆ నీడ ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. పాయింట్లలో ఎవరైనా దాన్ని దాటితేనే చెరిగిపోతుంది.

రెండో భార్య నాలుగు నెలలుగా చీకటి పడగానే దానితో పోటీకి దిగుతోంది. మొగుడు వచ్చి కూర్చుంటాడు. చూసేది నీడనే.

"మీ అక్కని గెలవడం నీ వల్ల కాదులేవే," అన్నాడు ఆ సాయంత్రం.

"అయితే రాత్రికి అన్నం ఆవిడ్నే వడ్డించమనండి!"

అతను నవ్వుకుంటూ పక్కగదిలో చెక్క చిత్రిక పట్టడానికి వెళ్లాడు.

ఆ పూటే ఆమె గెలిచింది. నీడ చెరిగిపోయింది. పీడ విరగడైందనుకుని టీవీ కట్టేసి, గోడకు చేరగిలబడింది.

కాసేపటికి పక్కగదిలో చిత్రిక చప్పుడు ఆగింది.

"ఇక చాలు, ఆపవే. అసలే ఆ కాలు నొప్పి."

తనతో అతను ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు. తన కాళ్లకు ఏ నొప్పీ లేదు. భయం కన్నా ముందు ఆమెకు ఒళ్లు మండింది.

అప్పుడు వినిపించింది. గచ్చు మీద ఒక అడుగు పడింది. రెండోది ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ అడుగులు ఆమెను దాటి వంటింటి వైపు వెళ్లాయి.

అన్నం గిన్నె మూత తీసిన చప్పుడైంది.