బొమ్మ కదిలితే ఊరుకోని నోరు

ఇలా దగ్గరికి జరగండర్రా, కోటిరత్నం డేరా సంగతి చెబుతాను.

ఎనభై మూడో, ఎనభై నాలుగో. మిరప కోతల కాలం. నల్లపాడుకు అవతల ఒక ఊళ్లో కోటిరత్నం తన టూరింగ్ టాకీస్ డేరా వేసింది.

ఆ టాకీస్ మామగారు పెట్టినది. మామగారు పోయారు, మొగుడూ పోయాడు. ఏ ఊరు వెళ్లినా జనం పలచబడుతున్నారు. ఇక్కడ కూడా నేల టికెట్లు నిండకపోతే డేరా చుట్టేసి, సినిమా మిషను అమ్మేయడమే అనుకుని వచ్చింది.

మొదట దెయ్యం సినిమా వేసింది. హడలిపోయినవాళ్లు మర్నాడు కల్లాల్లో అదే చెప్పుకుంటారని ఆమె ఆశ.

తెర మీద దెయ్యం తలుపు తోసుకుని వచ్చింది. ఆడవాళ్లు కొంగులు మొహాన కప్పుకున్నారు.

అంతలో నేలలోంచి, ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది.

“గాలిలా వచ్చే దెయ్యానికి తలుపెందుకమ్మా? పాపం, గడియ తీసుకుని మరీ వస్తోంది!”

కొంగులు దిగాయి. డేరా అంతా ఒకటే నవ్వు.

గేటు దగ్గర టికెట్లు చింపుతున్న కోటిరత్నం ఉలిక్కిపడింది.

“ఎవరయ్యా అలీ సాహెబూ, ఆ మాట్లాడేది?” అని మిషను ఆపరేటర్‌ని అడిగింది.

“జక్రయ్యంట అమ్మా. బళ్లో పంతులమ్మ సంతోషకుమారి లేదూ, ఆమె తండ్రి. కూతుర్ని చూట్టానికి వచ్చాడంట.”

“కూతుర్ని చూట్టానికొచ్చి నా దెయ్యాన్ని చూస్తాడేం?”

మర్నాడూ వచ్చాడు ఆ ముసలాయన. అదే చోటు, అదే నోరు.

“శ్మశానంలో ఉండేదానికి చీర అంత తెల్లగా ఎట్టా ఉందమ్మా? మన రేగడిలో ఒక్క పూట నడిపించండి దాన్ని!”

రోజులు గడిచేకొద్దీ నేల నిండుతోంది. దెయ్యం గొప్పదే అనుకుంది కోటిరత్నం. ముసలాయన నోరొక్కటే ఆమెకు పంటి కింద రాయిలా ఉంది.

దెయ్యం పోయి ఎగిరే వీరుడి సినిమా వచ్చింది. వీపున ఎర్రగుడ్డ కట్టుకుని, మేడల మీదుగా ఎగిరి దొంగల్ని పట్టేవాడు.

“అంత దూరం ఎగిరాడా, జుట్టు చెదరలా! మన నల్లపాడు బస్సు టాపెక్కి రమ్మనండి, తెలుస్తుంది.”

జనం పొట్టలు పట్టుకున్నారు.

చివర్లో వీరుడు ఇల్లు చేరేసరికి తల్లి కన్నుమూసింది. డేరాలో ముక్కులు ఎగబీలుస్తున్నారు.

“ఊరందరి కోసం ఎగిరాడు, ఇంటికి మాత్రం ఆలస్యం. ఎగరటమెందుకు నాయనా, పెందలాడే బయల్దేరితే పోయేదిగా!”

ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే నవ్వారు.

కోటిరత్నం టార్చిలైటు వేసుకుని వచ్చేసింది.

“పెద్దాయనా, లేవండి. ఏడవాల్సిన చోట నవ్విస్తారేంటి? నా డేరా మూయించాలనా?”

“తప్పేనమ్మా. బొమ్మ కదిలితే నా నోరు ఊరుకోదు. పాత అలవాటు.”

“ఊరుకోని నోటిని ఇంటికాడ పెట్టి రావాలి. రేపట్నుంచి మీకు టికెట్ లేదు!”

నలుగురిలో అనేసింది.

జక్రయ్య కండువా దులుపుకుని లేచాడు. వెళుతూ వెళుతూ డేరా నడిమి గుంజను చేత్తో నిమిరాడు. ముసలితనం కదా, ఆసరాకు పట్టుకున్నాడనుకుందామె.

మర్నాడు సాయంత్రం బొమ్మ పడింది గాని మాట రాలేదు. వీరుడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

అలీ సాహెబ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “సౌండు పెట్టె కాలిపోయిందమ్మా. బెజవాడ తీసుకుపోవాల్సిందే.”

ఈలలు లేచాయి. కోటిరత్నం ఇక డేరా పని అయిపోయిందనుకుంది.

ఆడవాళ్ల వైపు నుంచి జాన్‌బీ లేచింది. కోతలకు వచ్చిన కూలి మనిషి.

“మాట రాకపోతే ఏం? ఆ పెద్దాయన్ని పిలవండి, ఆయన చెబుతాడు!”

“పిలవండమ్మా!” అన్నారు పక్కవాళ్లు. “పగలంతా కల్లంలో ఒళ్లు మంట. ఆయన మాటలకి కాసేపు నవ్వుకుందామనేగా రోజూ వచ్చేది!”

“మరి నా దెయ్యం కోసం కాదా?” కోటిరత్నం నోరు తెరిచింది.

“మీ దెయ్యం మొహం! చూసిన దెయ్యాన్నే రోజూ ఎవరు చూస్తారండీ?”

కోటిరత్నం పరుగులాంటి నడకతో చర్చి పక్కనున్న సంతోషకుమారి ఇంటికి వెళ్లింది.

“నాన్నగారేరమ్మా? జనం పిలుస్తున్నారు.”

“పొద్దున్నే పోయాడండి. ఈపాటికి మా ఊరు ఒంగోలు చేరే ఉంటాడు.”

“మళ్లీ ఎప్పుడొస్తారు?”

“ఏమోనండి. ఎన్నేళ్లు బతిమాలినా ఈ ఊరు రాలేదు. మీ డేరా వచ్చిందంటేనే వచ్చాడు. ఇక చాల్లేమ్మా అని సంచి సర్దుకున్నాడు.”

“మా డేరాతో ఆయనకేం పని?”

“కుర్రతనంలో మీ మామగారి దగ్గర చేశాడండి.”

“ఏం చేసేవారు? మిషను తిప్పేవారా?”

సంతోషకుమారి కాదన్నట్టు తలూపి, ఆ సంగతి చెప్పింది. విని కోటిరత్నం అరుగు మీద కూలబడింది.

తర్వాత సౌండు పెట్టె బాగై వచ్చింది గాని జనం రాలేదు. కోతలు ముగిసేలోపే ఆమె డేరా చుట్టేసింది.

ఇది మీరూ గుర్తుంచుకుని ఇంకో నలుగురికి చెప్పండి, చెప్పేటప్పుడు ఆయన్ని వాగుడుకాయ ముసలాయన అని మాత్రం అనకండి. సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో, ఆ డేరాలోనే, తెర పక్కన నిలబడి కదిలే ప్రతి బొమ్మకూ తన గొంతు అరువిచ్చిన మనిషి ఆ జక్రయ్య.