తాడు కోసినవాడు

“ఆ వార్డెక్‌కి నిద్ర పడుతుందా?”

వెనక వరసలోంచి ఓ ముసలాయన అడిగాడు.

డెల్ఫీన్ ముయీస్ మైకు దగ్గరికి వంగింది. ఇలాంటి ప్రశ్న ఆమెనింతవరకూ ఎవరూ అడగలేదు.

లూనెన్‌బర్గ్ గ్రంథాలయంలో ఆ మధ్యాహ్నం కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఆమె రాసిన ఉప్పుదీవుల కథలు అప్పటికి ఆరు భాగాలు వచ్చాయి. తిమింగలాల వీపుల మీద ఊళ్లు, మాట్లాడే తుఫానులు, వాటి మధ్య ఓడదొంగల నాయకుడు కెప్టెన్ ఆరెల్.

ఆ ఆరెల్ నీళ్లలో తాడు పట్టుకుని వేలాడుతుంటే, తన ప్రాణం దక్కితే చాలని తాడు కోసేసినవాడు వార్డెక్. వాడిని తిట్టుకుంటూనే పాఠకులు ఆరు భాగాలూ చదివారు.

“నిద్రకేం, హాయిగా పడుతుంది” అంది డెల్ఫీన్. “అలాంటివాళ్లకి బాగానే పడుతుంది.”

జనం నవ్వారు.

“ఏడో భాగంలో వాడినేం చేస్తారు?” ముందు వరసలోంచి ఒకమ్మాయి అడిగింది.

“ఉరి తీస్తాను.”

చప్పట్లు.

ముసలాయన మళ్లీ చెయ్యెత్తాడు. “నీళ్లెంత చల్లగా ఉంటాయో మీరు రాయలేదమ్మా. ఆ చలిలో మనిషి...”

“కూర్చో పెద్దాయనా. తుఫానులు మాట్లాడే సముద్రంలో నీకు చలి గుర్తొచ్చిందా?” అన్నాడు పక్క కుర్చీలో ఆయన.

మళ్లీ నవ్వులు. ముసలాయన కూడా కొంచెం నవ్వి కూర్చున్నాడు.

సంతకాల వరసలో అందరికన్నా చివర వచ్చాడు. చేతిలో మొదటి భాగం. చాలాసార్లు చదివినట్టు అంచులు మెత్తబడిపోయాయి.

“ఎవరి పేరు రాయమంటారు?”

“పేరెందుకులేమ్మా.”

“రాయాలి కదా. చెప్పండి.”



“ఇవాన్ నికిల్.”

కలం ఆగిపోయింది.

ఆ పేరు ఆమెకి తొమ్మిదో ఏటి నుంచీ తెలుసు.

ఆ ఏడు మార్చిలో ఆమె నాన్న లియాండర్ ఈ ఊళ్లోనే ఎక్కిన చేపల పడవ మునిగిపోయింది. నలుగురు వెళ్తే ఇవాన్ ఒక్కడే తిరిగొచ్చాడు. బోర్లాపడిన చిన్న పడవ మీద అతన్ని కోస్ట్‌గార్డు వాళ్లు చూశారు. ఆ పడవకి కట్టిన తాడు కత్తితో కోసి ఉంది. అవతలి కొసన ఉండాల్సిన నాన్న లేడు.

“నేనే కోశాను” అని విచారణలో అతనే ఒప్పుకున్నాడు.

చట్టం అతన్ని వదిలేసింది. ఊరు వదల్లేదు. మళ్లీ ఎవరూ అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. అమ్మ డెల్ఫీన్‌ని తీసుకుని హాలిఫాక్స్ నగరానికి వెళ్లిపోయింది.

వార్డెక్ పుట్టింది అక్కడే.

“ఎందుకొచ్చావు?” అంది డెల్ఫీన్.

“నిన్నోసారి చూద్దామని. పెద్దదానివయ్యావు.”

“మా నాన్న తాడు కోసింది నువ్వే కదూ?”

ఆయన తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

“నేనే.”

“ఎందుకు?”

“భయమేసింది.”

అంతే. ముప్పై నాలుగేళ్లుగా ఆ ప్రశ్నకి ఆమె ఎన్నో జవాబులు ఊహించుకుంది. ఇంత చిన్నది ఊహించలేదు.

సంతకం పెట్టకుండానే పుస్తకం వెనక్కి తోసింది.

“వెళ్లు.”

“వెళ్తానమ్మా.”

రెండడుగులు వేసి ఆగాడు.

“మీ నాన్నని బాగా రాశావు. అచ్చం అలాగే ఉండేవాడు.”

ఏడో భాగం మే నెలలో వచ్చింది. అందులో వార్డెక్‌ని ఉరి తీసే అధ్యాయం ఆమె ఒక్క రోజులో రాసేసింది.

జూన్‌లో ఓ ఉదయం హాలిఫాక్స్‌లో ఆమె ఇంటి తలుపు ఎవరో తట్టారు. గుమ్మంలో ఓ పెద్దావిడ.

“నా పేరు వెల్మా. ఇవాన్ చెల్లెల్ని. మొన్న మంగళవారం పోయాడు.”

డెల్ఫీన్ ఆమెని లోపలికి రమ్మనలేదు.

“అయితే నన్నేం చెయ్యమంటారు?”

“ఏమీ చెయ్యొద్దు, విను చాలు. పోయేముందు నాకో సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు.”

డెల్ఫీన్ తలుపు మీద చెయ్యి అలాగే ఉంచింది.

“మీ నాన్నని పడవ మీదికి లాగాలని మా అన్న గంటసేపు పెనుగులాడాడు. లాగినప్పుడల్లా పడవ మునగబోయేది. వదిలెయ్యమని మీ నాన్న, వదలనని మా అన్న.”

“అబద్ధం. కోసింది తనేనని నాతోనే అన్నాడు.”

“అందరితోనూ అదే అన్నాడు. మా అన్న దగ్గర కత్తే లేదమ్మా. ఉన్న ఒక్క కత్తీ మీ నాన్న నడుముకుంది.”



వెల్మా గొంతు తగ్గించింది.

“తాడు కోసుకుంది మీ నాన్నే; ‘నా పిల్లని నా అంతట నేనే వదిలేసి పోయానని దానికి తెలియనివ్వకు, నువ్వు కోశావని చెప్పు’ అన్నాడట, ఆ ఒక్క మాట కోసం మా అన్న ముప్పై నాలుగేళ్లు ఊరందరికీ హంతకుడిగా బతికాడు.”