అతుకులాయన

సుచరిత సూదిలోని ఇన్సులిన్‌ను మల్లెచెట్టు మొదట్లోకి వత్తేసింది.

సగమే. మిగతా సగం పొట్టలో పొడుచుకుంది. మొత్తం మానేస్తే మళ్లీ దవాఖానలో పడేస్తారని ఆమెకు తెలుసు.

"గది చెట్టుకు పోసే మందు కాదు బిడ్డా."

తిరిగి చూసింది. గోడ పక్కన అతుకులాయన ఐలేశం, చేతిలో గుడ్డసంచి.

మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకడం అతని పని. నారాయణపేటలో ఇల్లిల్లూ తిరిగి చేస్తాడు. వీళ్లింటికి రావడం ఇదే మొదలు. మూడు వేల పోగులు, రెండు రోజులు పడుతుంది.

"మా బాపుకు చెప్తవా?"

"చెప్ప. ఎందుకు పారబోస్తున్నవ్?"

"ఏసుకుంటే మాత్రం ఏమైతది? చిన్నప్పుడే షుగర్ వస్తే ఇరవై ఏండ్లు దాటరంట. మా మేనత్త చెప్పింది."

ఏడుస్తూ చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నిరుటి నుంచి ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు. ఇప్పుడు పద్నాలుగు. ఇరవై దాకా ఇంకా ఆరు. అంతే.

"మీ మేనత్త ఎంతమందిని చూసిందట?"

"నీకెందుకు?"

ఐలేశం నొచ్చుకోలేదు. ఆమె వేళ్ల వైపు చూశాడు.

"రక్తం చూసుకునేటప్పుడు వేలు కొసకు పొడవకు బిడ్డా, పక్కకు పొడువు. సాలోళ్ల పిల్లవు, కొస పోగు పట్టనీకె కావాలె."

రోగం ఒకరికొస్తే ఊరంతా వైద్యులే. సుచరితకు ఒళ్లు మండింది.

"రేపు అతుకుడు అయినంక నీకొకటి చూపిస్త," అన్నాడు. "అందాక పారబొయ్యకు."

"నాకేం చూపియ్యొద్దు."

కానీ భయం పట్టుకుంది. ముసలాయన నోరు జారితే? అతనికంటే ముందు తానే చెబితే, తర్వాత అతనేం చెప్పినా బాపు నమ్మడు.

"బాపూ, గా అతుకులాయన పొద్దటి సంది రెండు మూడు మాట్ల సంచి పట్టుకొని గోడెనక్కు పోతుండు. తాగుతుండు."

పోవడం చూసింది. తాగడం చూడలేదు.

నాగేందర్ మగ్గం మీది అతుకుల్ని వేలితో తడిమాడు. "చెయ్యి మంచిది ఆయనది. పని కానియ్యి, పంపిద్దాం."

మర్నాడు పన్నెండు కొట్టగానే ఐలేశం లేచాడు.

"జర రొట్టె తినొస్త."

"సేటు మనిషి మగ్గం చూడనీకె మూడింటికి వస్తడు పెద్దాయనా. ఇంక రెండు వందల పోగులే. అయినంక తిను."

"నేను యాళ్లకు తినాలె నాగేందరూ."

"ఒక్క గంట. నా మాట తీసెయ్యకు."

ఐలేశం గోడ వైపు ఒకసారి చూసి, సంచిని మగ్గం గుంటలోనే పెట్టి, మళ్లీ కూర్చున్నాడు. ఒకరి మాట తీసెయ్యడం అతనికి రాదు.

ఒంటిగంటకు అతని వేళ్లలో పోగులు నిలవడం లేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. లేవబోయి తూలాడు. నాలుక మడత పడుతోంది. గోడ పట్టుకుని సుచరిత మందులుండే గూటి దాకా పోయి, అందులోని గ్లూకోజు పొట్లం మీద చెయ్యి వేశాడు.

నాగేందర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డ మందుల మీద పడ్తున్నవేంది? పిల్ల చెప్పంగనే పంపకపోతి. పట్టపగలు నా ఇంట్ల తాగుతవా?"

"వాసన వస్తలేదు గదా," అంది సుచరిత తల్లి ఉమారాణి.

"తూలుడు కనవడ్తలేదా?"

ఐలేశం సుచరిత వైపు తిరిగాడు.

"బిడ్డా... సంచి..."

సంచి ఎక్కడుందో ఆమెకు తెలుసు. వంగి తీస్తే అందుతుంది. పోతే పోనీ, పీడ విరగడవుతుందనుకుంది. నోరు తెరవలేదు.

నాగేందర్ అతని భుజం పట్టుకుని వీధిలోకి దాటించి వచ్చాడు.

తెల్లారి చాయ్ హోటల్ నుంచి తిరిగొచ్చిన నాగేందర్ చెప్పులు విడవకుండానే మగ్గం పక్కన కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది ఉమారాణి.

"ఐలేశం పోయిండు. బస్టాండ్ల సిమెంటు బల్ల మీద పడున్నడంట. తాగి పన్నడనుకొని ఎవ్వరు లేపలే. పొద్దుమూకినంక చూస్తే పానం లేదంట."

ఉమారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుచరిత తనకేమైనా అవుతుందేమోనని చూసింది. ఏమీ కాలేదు. మగ్గం మీద అతకని రెండు వందల పోగులు వేలాడుతున్నాయి.

సంచి అతని వాళ్లకు ఇవ్వాలి కదా అని గుంటలోకి దిగి తీసింది. బరువు లేదు.

లోపల ముట్టుకోని జొన్నరొట్టెలు, పోగు జారకుండా వేళ్లకు రాసుకునే బూడిద డబ్బా, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. వాటి కింద తడిగుడ్డలో చుట్టిన చిన్న సీసా.

గుడ్డ ఇంకా చల్లగా ఉంది. విప్పి చూసింది. సీసా మీద పేరు చదవాల్సిన పని లేదు, రోజూ తను సూదిలోకి లాగే మందే.

సీసాతో పాటు ప్లాస్టిక్ కవర్లో మడతలు చిరిగిన దవాఖాన చీటీ ఒకటి ఉంది, అతను తనకు చూపిస్తానన్నది ఇదే.

సుచరిత దాన్ని వెలుతురులోకి పట్టుకుని చదివింది: రోగం పేరు తనదే, ఏడాది 1979, పేరు ఐలేశం, వయసు పద్నాలుగు.