కంప్రెసర్ నోరు మూయించిన రోజు

"సాయంత్రంలోగా ఆ రాక్షసి నోరు మూయించు. లేదా రేపు పొద్దున్నే షెడ్డు ఖాళీ చెయ్!"

పళ్ళ డాక్టరు చూపుడువేలు కంప్రెసర్ వైపు ఊగుతోంది. కార్ల షెడ్డుకీ ఆయన ఆసుపత్రికీ మధ్య ఒకటే గోడ. రెండు వాటాలూ డాక్టరు మామగారివే. అంటే అది ఉత్త బెదిరింపు కాదన్నమాట.

"ఏంటీ?" అన్నాడు మెకానిక్కు, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

డాక్టరు మళ్ళీ అరిచాడు. ఆనక ఇంకా గట్టిగా అరిచాడు. చివరికి మందుల చీటీ వెనకాల రాసి చేతిలో పెట్టి, విసవిసా వెళ్ళిపోయాడు.

ఆ కంప్రెసర్ మోత అలాంటిది మరి. పాత సరుకు. ఎక్కడికక్కడ గాలి కారిపోతుంటుంది కాబట్టి పొద్దున్న మొదలెడితే చీకటిపడేదాకా ఆగదు. గోడమీద వాలిన కాకి నోరు తెరిస్తే అరిచిందో ఆవులించిందో తేల్చడానికి పంచాయితీ పెట్టాల్సిందే.

మెకానిక్కు భార్య ట్యూబుకి ప్యాచీ వేస్తున్నదల్లా లేచి వచ్చి చీటీ చదివింది. ఇరవయ్యేళ్ళ కాపురం అరుచుకుంటూనే చేశారు గనక ఆ మోతలో మాట్లాడుకోవడం వాళ్ళకి కష్టమేం కాదు.

"పనిముట్ల షాపాయన వాడి చూడమని ఇచ్చిన, నట్లు ఊడదీసే బ్యాటరీ గన్ను అటకమీంచి దించు!" అంది.

"అదా! చంటిపిల్లల ఆటబొమ్మ!" మెకానిక్కు కంప్రెసర్ పైపు తగిలించిన తన గాలి గన్నుని గుండెకి హత్తుకున్నాడు. "ఇది ఏనుగే! గాలి అందినంతసేపూ అలుపుండదు. నీ బ్యాటరీ గన్ను మిట్టమధ్యాహ్నానికే కళ్ళు తేలేస్తుంది."

"రెండో బ్యాటరీ ఛార్జింగులో పెట్టుకుంటే సరి. నీ ఏనుగు గొలుసు ఎంత పొడుగుంటే అంతే తిరుగుతుంది. మొన్న గేటు బయట కారు ఆగితే, పైపు చాలక కారునే లోపలికి తోయించావు!"

"బరువు చూశావా దానిది? చేతికి ఇటుక కట్టుకున్నట్టుంటుంది."

"రేపట్నుంచి షెడ్డే నెత్తిన పెట్టుకుని తిరగాలి. దానికంటే తేలికేలే."

ఓడినట్టు ఒప్పుకుంటే మెకానిక్కు మగాడెలా అవుతాడు? వాకిట్లో నిలబెట్టిన వ్యాను చూపించాడు. దాని వెనకచక్రం నట్లు తుప్పుపట్టి, పొద్దుటినుంచీ పగబట్టినట్టు కూర్చున్నాయి. గాలి గన్నుకే లొంగలేదు.

"అందులో ఒక్క నట్టు ఊడదీస్తే నీ మాటే నెగ్గినట్టు. లేదంటే నే వెళ్ళి డాక్టరు కాళ్ళమీద పడతా."

"పడు. వంగేటప్పుడు నడుం జాగ్రత్త."

మెకానిక్కు బ్యాటరీ గన్ను నట్టుకి తగిలించి మీట నొక్కాడు. గన్ను గుర్రుమంది. టకటకలాడింది. నట్టు కాసేపు బెట్టు చేసి, అలిగిన కొత్తల్లుడు మెత్తబడ్డట్టు మెల్లగా తిరిగి ఊడి కిందపడింది.

"పొద్దున నా గాలి గన్ను వదులు చేసిపెట్టిందిలే," అన్నాడు మెకానిక్కు.

"అయితే మిగతా నాలుగూ?"

మిగతా నాలుగూ మారుమాట లేకుండా ఊడిపోయాయి. భార్య వాటిని ఏరి, ఒక్కొక్కటే మొగుడి అరచేతిలో పెట్టింది.

మెకానిక్కు కంప్రెసర్ దగ్గరికి నడిచాడు. ముసలి ఎద్దుని నిమిరినట్టు దాన్ని నిమిరి, స్విచ్చి ఆపాడు. షెడ్డంతా ఒక్కసారి చల్లబడింది. ఇద్దరి చెవుల్లో మాత్రం ఇంకా గుయ్యిమంటూనే ఉంది.

పది నిమిషాలైనా కాలేదు, డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. మాస్కు గడ్డం కిందికి జారింది. ఒక చేతికే గ్లవుజుంది, రెండో చేతిలో పటకారుంది. మొహం కందగడ్డలా ఉంది.

మెకానిక్కు బ్యాటరీ గన్ను వెనక్కి దాచి, "ఇది కూడా వినిపిస్తోందా డాక్టరుగారూ? చిన్న మోతేనండీ, గుడ్డ చుట్టి వాడతా," అన్నాడు.

"షెడ్డు ఖాళీ చేయించకండి బాబూ," భార్య అడ్డం వచ్చింది. "కంప్రెసర్ ఆపేశాంగా! ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది."

డాక్టరు పటకారుతో సహా రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"వినపడే కదమ్మా కొంప మునిగింది! లోపల నేను ఒక్క పన్ను పీకేలోపు, ఆ కేకలు విని బయట బెంచీమీదున్న తొమ్మిదిమందీ చెప్పులొదిలేసి పారిపోయారు. ముందు దాన్ని ఆన్ చెయ్యండి!"