సూర్రావు కూతురు

"మా అమ్మాయికి జ్వరమండీ అయ్యగారూ. మీరో మాట దేవుడితో చెప్పాలండీ," అన్నాడు సూర్రావు, తామరాకుల కట్ట గుడి అరుగు మీద దించి.

పూజారి సోమసుందరం చెయ్యి విభూతి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"నేను చెబితే వినేవాడైతే నా కొడుకు బతికేవాడు. ఏలూరులో ఇంకా గుళ్ళు లేవా? వెళ్ళు."

సూర్రావు కదల్లేదు. కొల్లేటి లంక నుంచి పడవలో వచ్చి, కాలవగట్టు మీది ఈ శివాలయానికి ప్రసాదం పెట్టే ఆకులు ఇచ్చి పోవడం అతని అలవాటు. ఆ యువ నామ సంవత్సరం కార్తీకంలో పూజారిగారి ఆరేళ్ళ దక్షిణామూర్తి జ్వరంతో పోయాడని అతనికీ తెలుసు. అప్పటి నుంచి ఆయన నోరు మంత్రం చదువుతోంది గాని కళ్ళు లింగం వైపు తిరగడం లేదు. ఇంటికెళ్తే విస్తరి ముందు కూర్చుని లేచిపోతున్నాడు.

"నాకు మీరు తప్ప ఎవరూ తెలీదండీ."

"పేరేమిటి?"

సూర్రావు తడుముకున్నాడు. "సత్యవతండీ."

"సరే, చెబుతాలే." వదిలించుకోవడానికే అన్నాడు సోమసుందరం.

ఆ మాట ఆయన్ని వదల్లేదు. చెబుతానని ఊరుకుంటే, ఆ పిల్లకేమైనా అయితే? మర్నాడు చన్నీళ్ళు పోసుకుని గర్భగుడిలోకి వెళ్ళి, చాలా కాలానికి తలెత్తి లింగం వంక చూశాడు.

"నా బిడ్డను ఎలాగూ తీసుకున్నావు. ఈ పిల్లనైనా వదిలిపెట్టు," అన్నాడు. అది ప్రార్థన కాదు, పోట్లాట.

తర్వాతిసారి సూర్రావు పడవ దిగకముందే సోమసుందరం రేవులో ఎదురయ్యాడు.

"ఎలా ఉంది?"

"గంజి తాగిందండీ."

ఆ పై వారం సూర్రావు తల వంచుకుని వచ్చాడు. "మళ్ళీ ఒళ్ళు కాలిపోతోందండీ."

"ఆస్పత్రికి తీసుకురావయ్యా!"

"ఈ చలిగాలిలో పడవెక్కించలేనండీ. మీరు మాత్రం చెప్పడం మానకండీ."

సోమసుందరానికి కాలు నిలవలేదు. గుడికీ రేవుకీ మధ్య తిరిగేవాడు. పోట్లాట కాస్తా బతిమాలుకోవడమైంది. ఒకరోజు రుద్రం చదువుతూ కళ్ళు తిరిగి స్తంభం పట్టుకున్నాడు. గొంతులో బలం లేకపోతే ఆ పిల్ల గతేమిటని, ఆ మధ్యాహ్నం మారు అన్నం పెట్టించుకున్నాడు. భార్య కనకమహాలక్ష్మి చెంగుతో కళ్ళొత్తుకుని నెయ్యి వేసింది.

శివరాత్రి వెళ్ళింది. మామిడి పూత వాసన గుళ్ళోకి రావడం మొదలైంది. సూర్రావు ఆకులతో పాటు తామరమొగ్గలు తెచ్చాడు.

"లేచిందండీ! నిన్న గుమ్మం దాకా నడిచిందండీ!"

సోమసుందరం మొగ్గలు ఒక్కొక్కటే లింగం మీద పెట్టాడు. "విన్నావన్నమాట," అన్నాడు.

ఆ తర్వాత సూర్రావు రాలేదు. మళ్ళీ ఆరాటం. జ్వరం తిరగబెట్టిందా? ఉగాది ఇంకా రాకముందే భార్య చేత చిన్న పరికిణీ కుట్టించుకుని, కొల్లేరు వెళ్ళే పడవ ఎక్కాడు.

లంకలో సూర్రావు గుడిసె ముందు అతని భార్య గంగారత్నం వల బాగుచేస్తోంది. ఆయన్ని చూసి గబగబా లేచింది.

"రండి అయ్యగారూ! మా ఆయన కాలికి ముల్లు దిగి ఇన్నాళ్ళూ మంచం మీదున్నాడండీ. ఇవాళే వేటకెళ్ళాడు. చలికాలమంతా మీ బెంగేనండీ ఆయనకి. అయ్యగారు అన్నం మానేశారు, దేవుడి మొహం చూడ్డం మానేశారు, ఏం చెయ్యాలే అని ఒకటే గొడవండీ."

సోమసుందరం సిగ్గుపడుతూ నవ్వాడు. "ఇప్పుడు తింటున్నాను తల్లీ. చూస్తున్నాను కూడా." గుడిసెలోకి తొంగిచూస్తూ పరికిణీ అందించాడు. "ఇది మీ సత్యవతికి. ఏదీ, ఒకసారి పిలువు."

గంగారత్నం పరికిణీ వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది.

"మాకు పిల్లల్లేరండీ."