తడి తగలని నీళ్లు

"తప్పు," అన్నారు గైడు ప్రకాశం సారు. కాగితం పూర్తిగా విప్పకుండానే అన్నారు.

అది ఆఫ్షీన్ తెచ్చిన గ్రాఫు. మంచినీటి ఫిల్టర్లలో వాడే ప్లాస్టిక్ పొర గుండా నీటి అణువులు ఎంత వేగంగా దూరిపోతాయో తేల్చడం ఆమె పీహెచ్‌డీ పని. తేల్చేది ఎక్కడ? కంప్యూటర్‌లో! పొరా లేదు, నీళ్లూ లేవు. యాకుత్‌పురాలో మేడమీద గదిలో కూర్చుని, లేని అణువుల్ని లేని పొరలోకి తోలుతుంది. కరెంటు పోతే పాపం ఆ అణువులు కూడా ఆగిపోతాయి. దీనికి మళ్లీ డాక్టర్ పట్టా కావాలట!

మహేష్ అలాంటివాడు కాదు. సంతోష్‌నగర్ దగ్గరున్న ఆమె కాలేజీలోనే ల్యాబ్ చూసుకునే సీనియర్. తెల్లకోటు, చేతులకు తొడుగులు. ఎవరైనా లోపలికి తొంగిచూస్తే "దుమ్ము పడితే పొర ఖరాబైతది" అని తలుపు వేసేస్తాడు. అసలైన పనంటే అలా ఉంటుంది మరి. పొరలో నీటి వేగం కొలిచి అతనిచ్చిన గ్రాఫుకు సారు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

"అది ప్రయోగం. నీది వీడియో గేమ్," అన్నారు సారు. "ఆ గీత మీద నీ గీత పడేదాకా నాకు మొకం చూపియ్యకు."

సారుకి ఒక పద్ధతుంది. ఆఫ్షీన్ గీతను ట్రేసింగ్ కాగితం మీద గీయించి, గోడమీది అద్దానికి ఆనించి చూస్తారు. ప్రతిసారీ ఆమె గీత పైకి పోయేది. ప్రతిసారీ కాగితం ఉండయ్యేది.

ఆమె కంప్యూటర్‌లో ఆ లెక్కను మళ్లీ మళ్లీ నడిపింది. అణువుల సంఖ్య పెంచింది, పొర మందం మార్చింది. గీత కదిలితేనా! ఈ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ల చదువూ గంగలో కలుస్తుంది.

"సార్, మహేష్ అన్నను ఒక్కసారి మళ్ల కొలవమంటరా?" ధైర్యం చేసి అడిగింది.

"మహేష్ కొలిచిందాన్ని నీ డబ్బా తప్పు పడుతదా? ఏందీ లొల్లి!"

మరుసటి వారం గీత మీద గీత పడింది. వెంట్రుకవాసి తేడా లేదు. సారు వెంటనే సంతకం పెట్టేశారు. కీమా కూరిన లుఖ్మీలు తెప్పించి డిపార్ట్‌మెంట్ మొత్తానికి పంచారు.

"చూసిన్రా? అసలు ప్రయోగం ముంగట డబ్బా ఎట్ల దారికొచ్చిందో!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫ్షీన్ మాత్రం లుఖ్మీ ముట్టలేదు. మహేష్‌ను వరండాలోకి పిలిచింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, మస్తు సిగ్గయితుంది. ఎంత నడిపినా నీ లెక్క రాలే. ఆఖరికి పొరకు, నీళ్లకు నడుమ రాపిడి ఇష్టమొచ్చినంత పెంచి నీ గీతకు అతికించిన. నువ్వు చేతులు తడుపుకొని నిజంగ కొలిచినవ్, నేను దొంగ లెక్క చేసిన. సార్‌కు చెప్పేస్త. మాఫ్ చెయ్యి."

మహేష్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"నీ కాళ్లు మొక్కుత చెల్లె, చెప్పకు... ల్యాబ్‌ల ఆ కొలిచే మిషిన్ కొన్నప్పటిసంది నడుస్తలేదు, సార్ తిట్లు పడలేక ఏదో ఒక అంకె ఏసి ఆ గ్రాఫ్ నేను గూడ కంప్యూటర్లనే తీసిన."